కట్టు విప్పితేనే మోస్తాం

అదీసా నెత్తి మీద బేలు, బిగించి కట్టిన పాతబట్టల పెద్ద మూట, అలాగే ఉంది. దాన్ని దించడానికి ఆ సందులో ఎవరూ చెయ్యి చాపలేదు.

మనుషులు లేక కాదు. అక్రా పాతబట్టల మార్కెట్‌లో పొద్దునపూట పక్కకి ఒత్తిగిలడానికి కూడా చోటుండదు. కానీ అక్కడొక కట్టుబాటు ఉంది. బేలు కొట్టు నేల తాకిందంటే కొన్నట్టే. ఆ తర్వాత లోపల చింకిపాతలున్నా, చీమూ నెత్తురూ అంటిన గుడ్డలున్నా కొన్నవాళ్ళ ఖర్మ. అందుకే కొట్టు నడిపే సెర్వా రెండు చేతులూ అడ్డం పెట్టి గడపలో నిలబడింది.

"దించొద్దు. దించావంటే నీ సంగతి చూస్తాను," అంది అదీసాతో. తర్వాత న్యార్కో వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆడవాళ్ళ గౌన్లని చెప్పి పంపింది ఇదేనా? చీటీ మీద చలికోట్లని ఉంది. ఈ ఎండల్లో చలికోటు ఎవడు తొడుక్కుంటాడు, నువ్వు తొడుక్కుంటావా?"

న్యార్కో ఓడల మీద బేళ్ళు తెప్పించే షావుకారు. గొంతు పెంచకుండా మాట్లాడతాడు. "చీటీ మారిపోయుంటుంది ఆంటీ. లోపల సరుకు మేలిమి బంగారం."

"బంగారమైతే విప్పి చూపించు."

"విప్పాక నువ్వు వద్దంటే ఇంకెవడు కొంటాడు? కట్టు విప్పని బేలుకే ధర. నీకు తెలియందేముంది?"

వాళ్ళిద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ కాసేపూ బేలు అమ్మినవాడిదీ కాదు, కొన్నదానిదీ కాదు. అదీసా మెడ మాత్రమే దాన్ని మోస్తోంది.

సహాదా సరిగ్గా ఆమె వెనకే ఉంది, ఉత్తి చేతులతో. అదీసా ఆమెకు ఆడపడుచు. మొగుడు పోయాక పొట్ట చేతబట్టుకుని ఉత్తరాది పల్లె నుంచి అక్రా వచ్చిన సహాదాకు ఈ పని నేర్పింది అదీసాయే.

"వదినా, కండ్లు తిరుగుతున్నయ్," అంది అదీసా. తల కదపలేదు. నెత్తిన బరువుండగా తల కదపరు.

"జర ఓర్చుకో పిల్లా. ఒడుస్తది."

సహాదా ఎందుకు దించలేదంటే, మోసే ఆడవాళ్ళకూ ఒక నియమం ఉంది. ఎత్తిన చేతులే దించాలి. ఎప్పుడో ఒకామె జాలిపడి ఇంకొకామె మూట దించితే, సరుకు తగ్గిందని ఆమె మీద దొంగతనం మోపారు. అప్పట్నుంచీ తమను తాము కాపాడుకోవడానికి వాళ్ళే పెట్టుకున్న నియమం అది. అదీసాకు బేలెత్తినవాళ్ళు లారీ దగ్గర ఉన్నారు. లారీ మార్కెట్ అవతలి చివర ఉంది. సహాదా అటువైపు ఒకసారి చూసింది, మళ్ళీ అదీసా వీపు చూసింది.

ముందు అదీసా మోకాళ్ళు వంగాయి. బేలు ఒక పక్కకి ఒరిగింది, మెడ ఇంకో పక్కకి తిరిగింది. చప్పుడు పెద్దదేమీ కాదు. సందులో బేరాలు కూడా ఆగలేదు.

సెర్వా మొదట చూసింది బేలునే. అది గడప ఇవతల పడిందా, అవతల పడిందా అని చూసింది.

*

పోలీసులు వచ్చి, కాలు జారి పడిందని రాసుకుపోయారు. ఆ సందులో జారడానికి నీళ్ళూ లేవు, నూనే లేదు. అయినా అలాగే రాశారు.

ఊరు ఎక్కడో ఉత్తరాన ఉంది, శవం అంత దూరం చేరేదాకా ఆగదు. ఆ సాయంత్రమే పూడ్చారు. కఫన్‌కు, అంటే శవానికి చుట్టడానికి, కొత్త తెల్లగుడ్డ కావాలన్నాడు ఇమాం. చచ్చేదాకా బట్టలే మోసిన మనిషికి పైన కప్పడానికి గుడ్డ లేకపోయింది. ఉన్నవన్నీ ఎవరో తొడిగి విడిచినవే. మోసే ఆడవాళ్ళు తలా కాస్త వేసుకుని కొన్నారు. ఊహ తెలిశాక అదీసా ఒంటికి తగిలిన కొత్త బట్ట అదొక్కటే.

ఈ సరుకుకు మార్కెట్‌లో ఒక పేరుంది, చచ్చిన తెల్లోడి బట్టలని. తాతల కాలంలో మొదటి బేళ్ళు దిగినప్పుడు, ఇంత మంచి చొక్కాను బతికున్నవాడెవడూ వదులుకోడు, చచ్చిపోయే ఉంటాడనుకున్నారు జనం. ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు అందరికీ తెలుసు, అక్కడెవరూ చావడం లేదు. ఒకసారి తొడుక్కుని, ఫోటో దిగి, మొహం మొత్తి పారేస్తున్నారు. చచ్చేవాళ్ళు ఇక్కడ చస్తున్నారు.

మర్నాడు సాయంత్రం నమాజు అయ్యాక ఆడవాళ్ళంతా సహాదా రేకుల గది ముందు చేరారు. కోర్లే మడుగు ఒడ్డున ఉంది ఆ వాడ. అక్కడి నేల మట్టి కాదు. అమ్ముడుపోని బట్టలు ఏళ్ళ తరబడి తెచ్చి పోస్తే, తొక్కుడుపడి గట్టిపడిన నేల. వానొస్తే ఆ గుడ్డలు ఉబ్బుతాయి, వాసనకు అన్నం సహించదు.

లారిబా ముందు మాట్లాడింది. మోసేవాళ్ళందరికీ ఆమె పెద్దదిక్కు. నడినెత్తిన జుట్టు ఊడి నున్నగా ఉంటుంది.

"నేనొచ్చిన కొత్తల బేలుకు బేలంత బట్ట ఉండేది. ఒక లాగు కొంటే బిడ్డ తొడిగి, తమ్ముడు తొడిగి, ఆఖరుకు సంచి కుట్టుకునేటోళ్ళం. ఇప్పుడొచ్చేటివి ఒక్క ఉతుకుకు దారం దారం పోతున్నయ్. తొడుక్కునేటందుకు కుట్టినయ్ కావు, పారేసేటందుకు కుట్టినయ్. బట్ట పలచబడ్డది, బేలు మాత్రం బరువైంది."

"బరువు సంగతి చెప్పు పెద్దమ్మా," అంది నపారి. అదీసా చెల్లెలు. పల్లెలో బడికి పోయిన పిల్ల, నోరు ఊరుకోదు. "మా అక్క సచ్చింది. రేపు పొద్దుగాల మళ్ళ నేను పోయి అదే లారీ కింద నెత్తి పెట్టాల్నా?"

సహాదా ఆ పిల్ల మెడ వంక చూసింది. సన్నగా, నిటారుగా ఉంది. ఇంకా కుంగలేదు. ఈ ఒక్క మెడ మిగలాలి అనుకుంది సహాదా. అంతకు మించి ఆమెకేమీ అక్కర్లేదు.

"నెత్తికి మెత్తలు ఇయ్యమందాం," అందొకామె.

"మెత్త పెడితే బరువు తగ్గుతదా? మెడ ఇరిగినంక మెత్త మీద పండుకుంటవా?"

"కూలి పెంచమందాం."

"పెంచిన కూలి ఎవలు తింటరే? అదీసా తింటదా?"

అప్పుడు సహాదా నోరు విప్పింది. "కట్టు ఇప్పమందాం. లారీ కాన్నే బేలు కట్టు ఇప్పి, సగం ఒకామె, సగం ఒకామె మోద్దాం."

"కూలో?"

"కూలి గూడ సగం సగమే తీసుకుందాం. షావుకారు నెత్తిన ఏం పడదు. ఎందుకు కాదంటడు?"

అందరికీ అది న్యాయంగానే తోచింది. చిన్న కోరిక, ఎవడికీ నష్టం లేని కోరిక. అంత చిన్నదాన్ని అడుగుతున్నాం కదా, ఒప్పుకుంటాడనే నమ్మారు పాపం.

*

న్యార్కో గోదాము ముందు వాళ్ళు నిలబడినప్పుడు అతను టీ తాగుతున్నాడు. ఎదురుగా బేళ్ళు కొనడానికి వచ్చిన కొట్లవాళ్ళు వరసలో ఉన్నారు. సెర్వా కూడా ఉంది.

"పాపం జరిగింది," అన్నాడు న్యార్కో. "నాకూ బాధగానే ఉంది. బియ్యం బస్తా పంపిస్తాను. తలకు పెట్టుకోడానికి మంచి మెత్తలు కూడా తెప్పిస్తాను."

"బియ్యం వద్దయ్యా," అంది లారిబా. "లారీ కాడ కట్టు ఇప్పించు. సగం సగం మోస్తం. కూలి గూడ సగమే ఇయ్యి."

న్యార్కో గ్లాసు కింద పెట్టాడు. నవ్వు పోయింది. "కుదరదు."

"సగం కూలికి సగం బరువు. నీకేం పోతది?"

"కుదరదంటే కుదరదు. కట్టు విప్పేది కొన్నవాళ్ళు, కొన్నాక. మోసేవాళ్ళు మోయాలి. అంతవరకే."

"మేం కొనుడు అడుగుతలేం. మోసుడే అడుగుతున్నం."

"బయటికి పొండి," అన్నాడతను. ఆ మాట గొంతు పెంచి అన్నాడు. ఆ గొంతు మార్కెట్ ఎప్పుడూ వినలేదు.

సహాదా అతని మొహం చూస్తూనే ఉంది. ఈయనకు కూలి డబ్బు పోతుందన్న బెంగ లేదు. భయపడుతున్నాడు. దేనికి? వరసలో ఉన్న కొట్లవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు. అప్పుడు అర్థమైంది సహాదాకు. లారీ దగ్గర కట్టు విప్పితే, లోపలున్నదేమిటో కొనకముందే లోకమంతా చూస్తుంది. కట్టు మీదే అతని వ్యాపారమంతా నడుస్తోంది. తమ మెడలు కాపాడుకోవాలంటే ఆ కట్టు తెగాలి.

మర్నాటి నుంచి ఒక్క ఆడది కూడా లారీ కింద నెత్తి పెట్టలేదు.

*

మార్కెట్ సందుల్లో తోపుడుబండి పట్టదు. మనిషి తల ఒక్కటే పడుతుంది. ఉన్న సరుకు అయిపోయి కొట్లు బోసిపోయాయి. "కయా, కయా," అని కేకలు వేసి వేసి కొట్లవాళ్ళ గొంతులు ఎండిపోయాయి. కయా అంటే మూట. మూట మోసే మనిషినీ ఆ మాటతోనే పిలుస్తారు. వాళ్ళకు పేర్లుంటాయని మార్కెట్ ఎన్నడూ అనుకోలేదు.

వాడలో పొయ్యిలు సరిగా వెలగలేదు. కర్రపెండలం పిండి నీళ్ళలో నానేసుకుని తిన్నారు. ఇద్దరు ముగ్గురు పక్క మార్కెట్‌కు ఉల్లిగడ్డలు మోయడానికి పోతామన్నారు. లారిబా వద్దనలేదు. "పోర్రి. ఉల్లిగడ్డలకు మెడలు ఇరగవు. తెచ్చింది అందరం తిందాం," అంది.

అలాంటి పూట సెర్వా వాడకు వచ్చింది. చేతిలో సంచి, సంచిలో పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకీ ఉండలు, ఎండుచేపలు.

నపారి లేచి నిలబడింది. "ఏం సూడనొచ్చినవ్? మా అక్క గడప ఇవతల పడ్డదా, అవతల పడ్డదా అనా?"

సెర్వా తల దించుకుంది. "నన్ను తిట్టే హక్కు నీకుంది. కానీ అమ్మాయ్, నేనూ మోసపోయినదాన్నే. బేలులో సగం చెత్తే. చెత్తని తెలిసే అప్పు చేసి కొంటాను. ఎందుకంటే ఇంకో బేలులో మంచివి తగులుతాయేమోనని ఆశ. ఇరవయ్యేళ్ళ నుంచీ ఆ ఆశతోనే కొంటున్నా."

"నువ్వు మోసపోయినవ్. మేం సచ్చిపోతున్నం," అంది సహాదా. "రెండూ ఒక్కటేనా?"

"కాదు. కాదనే వచ్చాను. విప్పమని మీరడిగారు చూడు, ఆ మాట మేం అడగాల్సింది. మాకు దమ్ము లేకపోయింది."

"ఇప్పుడు ఉన్నదా?"

సెర్వా సంచి అక్కడే పెట్టి వెళ్ళింది. దాన్ని తీసుకోవాలా, మడుగులో పారెయ్యాలా అని ఆడవాళ్ళు చాలాసేపు కొట్లాడుకున్నారు. "తిండి మీద అలక ఏందే, పిల్లలకు పెట్టుర్రి," అని లారిబా తేల్చేసింది.

*

న్యార్కో ఊరుకోలేదు. ఉత్తరం నుంచి వచ్చిన బస్సు దగ్గరికి మనుషుల్ని పంపి, అప్పుడే దిగిన అమ్మాయిల్ని లారీ దగ్గరికి తోలించాడు. వాళ్ళకు సమ్మె సంగతి తెలియదు. అక్రాలో దిగీ దిగగానే పని దొరికిందని సంబరపడ్డారు. లారీ కుర్రాళ్ళు ఇద్దరిద్దరు పట్టి వాళ్ళ నెత్తిన బేళ్ళెత్తారు.

మోసే ఆడవాళ్ళు సందు మొదట్లోనే బైఠాయించారు. గోడ నుంచి గోడ దాకా, భుజం భుజం ఆనించి కూర్చున్నారు. అందరికంటే ముందు వచ్చిన అమ్మాయి వాళ్ళ ముందు ఆగిపోయింది. ముందుకు దారి లేదు. వెనక్కి తిరగాలంటే నెత్తిన బేలుంది. ఎత్తిన కుర్రాళ్ళు లారీ దగ్గరే ఉండిపోయారు.

"లేవండి," అన్నాడు న్యార్కో, వెనక నుంచి.

"లేవం," అన్నారు వీళ్ళు.

"అయితే ఆ పిల్ల అలాగే నిలబడుతుంది. పడితే ఆ పాపం మీదే."

కూర్చున్నవాళ్ళలో ఒకామె గట్టిగా అంది. "పడనీ. మన కడుపు కొట్టనొచ్చింది. నిలవడనీ, దాని మెడ గూడ ఇరగనీ."

ఇంకొందరు ఔనన్నారు. ఆకలితో ఉన్నవాళ్ళు, వాళ్ళను తప్పుపట్టడం తేలిక. ఆ అమ్మాయి పిక్కలు వణకడం మొదలైంది. కళ్ళు మాత్రం కిందికి దించి, "అక్కా, దించుర్రి. నాకు తెల్వక ఒచ్చిన," అంది. మాట వాళ్ళ ఊరి మాటే, యాస కూడా అదే.

సహాదా లేచింది.

"వదినా, ఎత్తింది మనం కాదు," అంది నపారి. కోపంతో కాదు, భయంతో. దొంగతనం ఎవరి మీదికొస్తుందో ఆ పిల్లకూ తెలుసు.

"ఎత్తినోడు ఎన్నడు దించిండే?" అంది సహాదా. "రా, ఆ పక్క పట్టు."

ఇద్దరూ చెరో పక్కా పట్టి బేలు దించారు. సందు మధ్యలో, ఎవరి కొట్టూ కాని నేల మీద పెట్టారు. ఆ అమ్మాయి అక్కడే కూలబడి మెడ రెండు చేతులా పట్టుకుంది. లారిబా గొంతెత్తింది. "ఇయ్యాళ్టి సంది ఎవల మూటనైనా ఎవలైనా దించొచ్చు. మన పాత మాట ఇగ లేదు." అంతే, కూర్చున్నవాళ్ళంతా లేచి వెనక వస్తున్న అమ్మాయిల దగ్గరికి పరుగెత్తి, ఒక్కొక్కరి బేలూ దించారు. ఎవరి మెడ విరగాలని తిట్టారో వాళ్ళ మెడలే నిమిరారు.

సహాదా ఇంకా ఆ బేలు దగ్గరే ఉంది. పక్క కొట్టు నుంచి ఒక కత్తి జారుకుంటూ వచ్చి ఆమె కాలికి తగిలింది. కట్లు కోసే కత్తి. తలెత్తి చూసింది. సెర్వా మొహం పక్కకి తిప్పుకుని బట్టలు మడత పెడుతోంది.

సహాదా కట్టు కోసింది.

బిగబట్టిన ఊపిరి వదిలినట్టు బేలు ఒక్కసారి విచ్చుకుంది. పైన నాలుగు మంచి గౌన్లు. వాటి కింద సంకలో చిరిగిన చొక్కాలు, మరకలు పడ్డ దుప్పట్లు, జత లేని మేజోళ్ళు, బూజు పట్టిన చలికోటు. మధ్యలో ఒక పెద్ద కట్ట, అన్నీ ఆకుపచ్చ టీషర్టులు, ఒక్కటే రకం. చీటీలు కూడా తెంపలేదు. నపారి ఒకటి విదిలించి ఛాతీ మీది అక్షరాలు చదివింది.

"ఏం రాసిండ్రే?" అంది లారిబా.

"భూమి మనందరిది, కాపాడుకుందాం అని రాసిండ్రు పెద్దమ్మా."

ఎవరూ నవ్వలేదు. ఎక్కడో ఎవరో ఒకరోజు పరుగు పందెం పెట్టుకుని, దానికోసం కుట్టించి ఉంటారు. చౌకగా కావాలి, తొందరగా కావాలి అని ఉంటారు. ఇంకో దేశంలో ఇంకో ఆడది మిషను మీద నడుం విరగ్గొట్టుకుని కుట్టి ఉంటుంది. పందెం అయిపోయింది, మిగిలినవి ధర్మం చేశామనుకుని నిద్రపోయారు. చౌక చొక్కా కొన్నప్పుడు మనం కట్టని మిగతా ధర ఎక్కడో ఒకచోట ఎవరో కడుతూనే ఉంటారు. ఆ పొద్దు కట్టింది అదీసా.

కొట్లవాళ్ళు గుంపు కట్టారు. ఇన్నాళ్ళూ కొన్నాక ఒంటరిగా విప్పుకుని, ఒంటరిగా ఏడ్చినవాళ్ళు అందరూ కలిసి చూడడం అదే మొదలు. "ఇదా నీ మేలిమి బంగారం?" అని ఎవరో అరిచారు. ఇంకెవరో ఆ కోటు తీసి న్యార్కో మీదికి విసిరారు. అతను ఫోను తీశాడు.

*

అదీసా చచ్చిన రోజు మధ్యాహ్నానికి గానీ రాని పోలీసులు ఆ రోజు వెంటనే వచ్చారు.

"బేలు కోసిందెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే," అంది సహాదా.

"కత్తెవరిది?"

సెర్వా మొహం తెల్లబోయింది. "నాదే సార్. పొద్దున్నుంచీ కనబడలేదు. ఎవరో ఎత్తుకుపోయారు," అంది.

నపారి ఉమ్మేసింది. సహాదా మాత్రం ఆ కత్తి ఎలా వచ్చిందో బయటపెట్టలేదు. సెర్వా దమ్ము కత్తి జార్చేదాకే వచ్చింది, అక్కడ ఆగిపోయింది. ఇంకోసారి ఇంకొంచెం దూరం రావచ్చు, రాకపోనూ వచ్చు.

షావుకారు సరుకు పాడు చేసినందుకు ఒక కేసు, కత్తి దొంగిలించినందుకు ఒక కేసు రాశారు. మెడ విరిగినదానికి కేసు లేదు. సహాదాను వ్యానెక్కించారు. సాక్ష్యానికి బేలు కూడా స్టేషనుకు రావాలన్నాడు ఇన్‌స్పెక్టరు. వ్యాను రోడ్డు మీద ఉంది, బేలు సందులో ఉంది.

"కయా," అని పిలిచాడతను.

ఎవరూ లేవలేదు. పాతవాళ్ళు లేవలేదు. పొద్దున బస్సు దిగిన అమ్మాయిలూ లేవలేదు. వాళ్ళు ఆ పాటికే వీళ్ళ వరసలో కూర్చుని ఉన్నారు.

"చెవుడా మీకు? కయా."

"నా పేరు నపారి," అందా పిల్ల కూర్చున్నచోటు నుంచే. "కయా ఈడ ఎవలూ లేరు."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుళ్ళ వైపు చూశాడు. వాళ్ళు గుడ్డలన్నీ కుక్కి, తాడుతో మళ్ళీ కట్టు బిగించి, బేలెత్తి ఒకడి నెత్తిన పెట్టారు. అతను బలంగానే ఉన్నాడు, సుబ్బరంగా తిన్నవాడు. కాస్త దూరం నడిచేసరికి మెడ నరాలు పైకి తేలాయి. "దించండ్రా, దించండి," అని కేక పెట్టాడు. మిగతావాళ్ళు పరుగున పోయి దించారు. అతన్ని ఒక్క క్షణం కూడా నిలబెట్టలేదు.

"సార్, ఇది మనుషులు మోసేది కాదు," అన్నాడతను మెడ రుద్దుకుంటూ.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకున్నాడు. "సరే. విప్పి సగం సగం చేసి తీసుకురండి."

"అలా విప్పడానికి వీల్లేదు సార్, రేపు వీళ్ళూ అదే అడుగుతారు," అన్నాడు న్యార్కో.

"అయితే నువ్వు మోస్తావా?"

న్యార్కో రెండడుగులు వెనక్కి వేశాడు. కానిస్టేబుళ్ళు కట్టు విప్పి, బట్టలు రెండుగా పంచి, ఒకరు సగం, ఒకరు సగం మోసుకుని కూర్చున్న ఆడవాళ్ళ ముందు నుంచే నడిచిపోయారు. సందంతా చూస్తూ ఉంది. చిన్న పనే. దానికోసం ఒక మనిషి చావాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

నపారి వ్యాను దాకా వచ్చి కటకటాలు పట్టుకుంది. ఏడుస్తోంది. "వదినా, చూసినవా? సర్కారోళ్ళే సగం సగం మోసిండ్రు."

"చూసిన." సహాదా కటకటాల్లోంచి చెయ్యి చాపి ఆ పిల్ల మెడ తడిమింది. "రేపు లారీ వస్తది. సర్కారు మోసినట్టే మేమూ మోస్తమని చెప్పుర్రి. కాదంటే కూసోర్రి. నాకోసం లేవకుర్రి."

వ్యాను కదిలింది.

మర్నాడు లారీ వచ్చింది. కుర్రాళ్ళు బేళ్ళు నేల మీదికి దొర్లించారు. ఆడవాళ్ళు వాటి చుట్టూ కూర్చున్నారు, ముందు వరసలో నపారి, ఆ పక్కన బస్సు దిగి వచ్చిన అమ్మాయి. న్యార్కో పిలిచాడు, తిట్టాడు, బతిమాలాడు. ఎండ పైకొచ్చింది. కట్టు విప్పలేదు, కాబట్టి ఒక్కరూ లేవలేదు.